వెనక సీటు

రంగనాయకులు ఏడు ఆదివారాలు తిరిగి బండ్లు చూశాడు. అయినా ఏది కొనాలో తేల్చుకోలేకపోయాడు.

మార్కాపురంలో అతనికి పలకల షెడ్డు ఉంది. వయసు యాభై రెండు. పిల్లల్లేరు. ఇంట్లో అతను, భార్య హైమావతి. మాఘమాసంలో ఆమెకు నడుం నొప్పి మొదలైంది. ఒంగి ముగ్గు వేసినందుకేమో అనుకున్నారు ఇద్దరూ. డాక్టర్లు ఫొటోలు తీసి, ఈ జబ్బు నడుములో పుట్టింది కాదు, వేరే ఎక్కడో పుట్టి ఎముకల్లోకి దిగింది అన్నారు. అప్పట్నుంచి మూడు వారాలకోసారి గుంటూరు ఆసుపత్రికి పోవాలి. పొద్దున్నే బయల్దేరితే దాదాపు నాలుగు గంటల దారి.

ఉన్న బండి క్వారీ దారుల కోసం కొన్నది. ఎత్తుగా, గట్టిగా ఉంటుంది. రాళ్ల మీద ఎక్కించినా దానికి ఏమీ కాదు. ఏమైనా అయితే లోపలున్న మనిషికే. హైమావతి వెనక సీట్లో రెండు దిండ్లు వేసుకుని పడుకునేది. గుంత వచ్చినప్పుడు కొంగు నోట్లో కుక్కుకునేది. అద్దంలో అది ఒకసారి కనపడింది రంగనాయకులుకు. ఆ రోజే మెత్తటి బండి కొనాలని నిర్ణయించుకున్నాడు.

అయితే అతనికి బండి తోలడమంటే ప్రాణం. ఇరవయ్యో ఏట లారీ స్టీరింగు పట్టుకున్నప్పట్నుంచీ అంతే. మలుపులో బండి తన మాట వినాలి. గేరు మారుస్తుంటే అది అరచేతికి తెలియాలి. మెత్తటి బండి అనగానే అతనికి భయం వేసింది. పరుపు మీద కూర్చుని పరుపును తోలినట్టు ఉంటుందేమోనని.

అందుకే చిన్న నోటుబుక్కు ఒకటి జేబులో వేసుకుని ఒంగోలు, గుంటూరు, విజయవాడ తిరిగాడు. చివరికి మూడు బండ్లు మిగిలాయి. తెల్లది ఉయ్యాలలా పోతుంది, కానీ మలుపులో ఒక పక్కకు ఒరుగుతుంది, స్టీరింగులో ప్రాణం లేదు. ఎర్రది మనసులో అనుకున్నంతలోనే తిరుగుతుంది, కానీ రోడ్డు మీద బియ్యపు గింజ ఉన్నా నడుముకి చెబుతుంది. బూడిదరంగుది రెంటికీ మధ్యలో ఉంది. మధ్యలో ఉండటమే దాని మీద అతని అనుమానం.

ఆషాఢంలో ఒక సాయంత్రం ఆ నోటుబుక్కు పట్టుకుని మస్తానయ్య దగ్గరికి వెళ్లాడు.

మస్తానయ్య ముప్పై ఒక్క ఏళ్లు బస్సు డ్రైవరుగా చేశాడు. శ్రీశైలం ఘాటు రోడ్డు ఆయనది. డ్యూటీ లేని రోజుల్లో గిద్దలూరు పక్కన ఒక కమ్మరి దగ్గరికి పోయి కూర్చునేవాడు. ఆ కమ్మరి ఆయనకు ఉపదేశం ఇచ్చాడు. కమ్మరి పోయాక, రిటైరైన మస్తానయ్య దగ్గరికి ఒకరొకరే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. హిందువులూ వస్తారు, తురకలూ వస్తారు. ఊళ్లో డ్రైవరు సామి అంటారు. ఆ ఇంట్లో పటాలుండవు, దండలుండవు. నవారు మంచం ఒకటి, చాపలు రెండు. రంగనాయకులు పదకొండేళ్లుగా ఆ చాప మీద కూర్చుంటున్నాడు.

మూడు బండ్ల సంగతీ వివరంగా చెప్పాడు. మస్తానయ్య శ్రద్ధగా విన్నాడు. టైరు ఎంత వెడల్పని అడిగాడు. వెనక చక్రాలకు ఏ స్ప్రింగులు వేశారని అడిగాడు. తెల్ల బండి ఏ వేగం దగ్గర ఒరుగుతుందో అడిగాడు. రంగనాయకులుకు ఉత్సాహం వచ్చింది. ఆ ఏడాది అతని మాటను అంత ఇష్టంగా విన్నవాళ్లు ఎవరూ లేరు.

అంతా అయ్యాక మస్తానయ్య అడిగాడు.

"అమ్మాయి ఏ బండిలో కూర్చుంది?"

"తను రాలేదు సామీ. కదిలితేనే నొప్పి. అంత దూరం ఎట్లా తిప్పను?"

"మరి వెనక ఎవరు కూర్చున్నారు?"

రంగనాయకులు నోటుబుక్కు వైపు చూశాడు. ఏడు ఆదివారాలూ వెనక సీటు ఖాళీగానే ఉంది. ఒకసారి షోరూము కుర్రాడు ఎక్కాడంతే.

"మళ్లీ గుంటూరు ఎప్పుడు?" అన్నాడు మస్తానయ్య.

"గురువారం సామీ. ఆరింటికి బయల్దేరతాం."

"నేనొస్తా."

గురువారం ఆరు కాకముందే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. ఉతికిన చొక్కా, మెడ చుట్టూ తువ్వాలు. రంగనాయకులు హైమావతిని రెండు చేతుల మీద ఎత్తుకొచ్చి వెనక పడుకోబెట్టాడు. దిండ్లు సర్ది, తలుపు వేసి, ముందుకు రాబోయాడు. అప్పటికే మస్తానయ్య డ్రైవరు సీట్లో ఉన్నాడు.

"సామీ, నేను తోలతా. మీరు పక్కన కూర్చోండి."

"నువ్వు వెనక కూర్చో."

"వెనక చోటు లేదు సామీ. తను పడుకోవాలి."

"దిండు తీసెయ్యి. అమ్మాయి తల నీ ఒళ్లో పెట్టుకో."

మస్తానయ్యకు డెబ్బై ఏళ్లు. రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. ఆ సంగతి నోటితో అనలేక రంగనాయకులు అక్కడే నిలబడ్డాడు. మస్తానయ్య చొక్కా జేబులోంచి లైసెన్సు తీసి కిటికీలోంచి చూపించాడు. ఇంకా రెండేళ్ల గడువుంది. హైమావతి పడుకునే నవ్వింది. రంగనాయకులు వెనక్కి వెళ్లి కూర్చున్నాడు.

సొంత బండిలో వెనక కూర్చోవడం అతనికి అదే మొదలు. మోకాళ్లు ముందు సీటుకి తగిలాయి. రోడ్డు సగమే కనపడుతోంది. ఊరు దాటేలోపు నాలుగుసార్లు అతని కుడికాలు లేని బ్రేకును తొక్కింది. ఇక్కడ రెండో గేరు వెయ్యాలి అనుకున్నాడు. ఆ ట్రాక్టరును ముందే దాటెయ్యాల్సింది అనుకున్నాడు. మస్తానయ్య తొందరపడలేదు, మరీ మెల్లగానూ పోలేదు. చక్కగానే తోలుతున్నాడు. అయినా గుంత గుంతే, బండి అదే బండి.

మొదటి పెద్ద గుంతకి హైమావతి దవడ బిగుసుకుంది. ఆ బిగువు అతని తొడకి తెలిసింది. రెండోదానికి ఆమె వేళ్లు అతని పంచెను పట్టుకున్నాయి. ఆమె ఊపిరి బిగబట్టడం, గుంత దాటాక కొద్దికొద్దిగా వదలడం అంతా అతని ఒంట్లోకి వస్తోంది. అద్దంలో చూసినప్పుడు కొంగు ఒక్కటే కనపడింది.

త్రిపురాంతకం దాటారు. ఆమె కళ్లు మూసుకునే ఉంది.

"ఇప్పుడు ఎడమపక్కకి ఒక ఊపు ఊగుద్ది," అంది మెల్లగా. "ఆ తర్వాత మూడు వరసగా వస్తాయి."

ఎడమపక్కకి ఊగింది. తర్వాత మూడు వచ్చాయి.

"నీకెట్లా తెలుసు?"

"ఎనిమిదిసార్లు వచ్చాం కదా. దారంతా తెలుసు నాకు. వినుకొండ ముందు వంతెన ఎక్కేటప్పుడు ఒకటుంది. అది అన్నిటికన్నా చెడ్డది. దాని తర్వాత కాసేపు నిద్ర పట్టుద్ది."

ఆ దారిని తనంత బాగా ఎరిగినవాళ్లు లేరనుకునేవాడు రంగనాయకులు. ఎక్కడ పోలీసులు కాపు కాస్తారో, ఎక్కడ దాటొచ్చో, ఏ మలుపులో ఎంత వేగం పట్టొచ్చో అతనికి తెలుసు. వంతెన దగ్గర ఏముందో తెలియదు.

"ఇన్నాళ్లూ ఒక్క మాటైనా చెప్పలేదేం?"

"మీరు ముందు కూర్చుంటారు కదా."

బయట మిరప తోటలకు దుక్కి దున్నుతున్నారు. వాన పడేలా ఉంది గానీ పడటం లేదు. ఆకాశం బూడిద పూసినట్టు ఉంది.

"ఒక్క మూలుగైనా నాకు వినపడనివ్వలేదు," అన్నాడు. "ఎందుకట్లా కొంగు కుక్కుకోవడం?"

ఆమె తల కొంచెం సర్దుకుంది.

"మీరు బండి తోలేటప్పుడు లోపల్లోపల పాడుకుంటారు. మీకు తెలుసా?"

అతనికి తెలియదు.

"ఇంట్లో మానేశారు. షెడ్డులో కూడా లేదట, అక్కడ పనిచేసే రమణమ్మ చెప్పింది. ఈ దారిలో బండి తోలేటప్పుడే మిగిలింది. నేను మూలిగితే అది కూడా ఆగిపోద్దని."

రంగనాయకులు కిటికీలోంచి బయటికి చూశాడు. ఏం చూస్తున్నాడో అతనికి తెలియలేదు. మెత్తగా ఉండాలి, తోలడానికి బాగుండాలి అని ఏడు ఆదివారాలు వెతికాడు. తోలేవాడు హుషారుగా ఉంటేనే వెనకున్న మనిషి క్షేమం అని అందరికీ చెప్పాడు, తనకూ చెప్పుకున్నాడు. స్టీరింగు చేతిలో ఉన్నంతసేపూ ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. ఆ నాలుగు గంటల కోసమే మూడు వారాలూ ఎదురుచూస్తున్నాడని ఎవరికీ చెప్పలేదు. ఆమెకు అది ముందే తెలుసు.

అతని భుజాలు కదిలాయి. చప్పుడు రాకుండా ఆపుకోవాలని చూశాడు, కుదరలేదు.

ముందు సీట్లో మస్తానయ్య వెనక్కి తిరగలేదు. ఎడమచేయి పైకెత్తి, అద్దాన్ని బండి కప్పు వైపుకి తిప్పేశాడు. మళ్లీ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి తోలుకుంటూ పోయాడు.

వంతెన వచ్చింది. రంగనాయకులు తన రెండు అరచేతులూ ఆమె నడుం కింద పెట్టి, కొంచెం పైకి పట్టుకున్నాడు. దెబ్బ అతని మణికట్లకు తగిలింది. ఆమెకూ తగిలింది, కాకపోతే కొంచెం తక్కువ. నరసరావుపేట దాకా ఆమె నిద్రపోయింది. అతని కాళ్లు తిమ్మిరెక్కాయి. కదపలేదు.

ఆసుపత్రిలో సాయంత్రం దాకా పట్టింది. తిరుగు ప్రయాణంలో ఎవరూ చెప్పకుండానే రంగనాయకులు వెనక తలుపు తీసుకుని ఎక్కాడు. ఇల్లు చేరాక మస్తానయ్య తాళం చేతికిచ్చి, మంచినీళ్లు అడిగి తాగి, నడిచి వెళ్లిపోయాడు. బండి గురించి ఒక్క మాట అనలేదు. రంగనాయకులు కూడా అడగలేదు.

మరుసటిసారి గుంటూరు వెళ్లినప్పుడు, రంగనాయకులు ముందే షోరూముల వాళ్లతో మాట్లాడి మూడు బండ్లనూ ఆసుపత్రి గేటు దగ్గరికి తెప్పించాడు. హైమావతిని చక్రాల కుర్చీలో బయటికి తీసుకొచ్చాడు.

తెల్లదాన్ని చూసి ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇది మరీ కిందికి ఉంది. దీంట్లో కూర్చుంటే లేవలేను." ఎర్రదాని తలుపు ఇరుకు. లోపలికి పోవాలంటే నడుం మెలిపెట్టాలి. రెండూ ఎక్కకుండానే తేలిపోయాయి. తలుపు వెడల్పు, సీటు ఎత్తు అతని నోటుబుక్కులో ఎక్కడా లేవు.

బూడిదరంగు దానిలో మెల్లగా కూర్చుంది. కాళ్లు తనే లోపల పెట్టుకుంది. కాసేపు అలాగే ఉండి, సీటు అంచును వేళ్లతో తడిమి చూసింది.

"ఇది బాగుంది," అంది. "మీకు బాగుందా? తోలడానికి?"

"బాగుంది."

"అయితే ఇదే."

పదిరోజులకి బండి సిద్ధమైంది. రంగనాయకులు బస్సులో వెళ్లి, ఒక్కడే దాన్ని తోలుకుంటూ వచ్చాడు. వచ్చినవాడు ఇంటికి పోకుండా నేరుగా మస్తానయ్య ఇంటి ముందు ఆపాడు. లోపలికి వెళ్లి చాప మీద కూర్చున్నాడు. ముఖం బాగాలేదు.

"ఏం నాయనా, బండిలో లోపమేమైనా ఉందా?"

"లేదు సామీ. బాగుంది. చాలా బాగుంది." తల దించుకున్నాడు. "మలుపుల్లో చెప్పినట్టు తిరుగుతోంది. గుంతలు తెలియడంలేదు. వినుకొండ దాటాక కాసేపు ఇంటి సంగతే మర్చిపోయాను. తను అక్కడ పడుకుని ఉంటే, నాకిక్కడ సంతోషమేసింది. అట్లా వెయ్యకూడదు కదా."

"ఎందుకు వెయ్యకూడదు?"



మస్తానయ్య లేచి బయటికి వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. స్టీరింగు ముట్టుకుని చూశాడు.

"ముప్పై ఒక్క ఏళ్లు ఘాటు తోలా," అన్నాడు. "ఇష్టం లేకుండా ఒక్కరోజు తోల్లేదు. ఇష్టం లేనివాడి బస్సు నేనైతే ఎక్కను."

ఆ బండిలో వాళ్లు ఐదుసార్లు గుంటూరు వెళ్లొచ్చారు. తోలడానికి డిపో నుంచి మస్తానయ్యకు తెలిసిన డ్రైవరు ఒకతను సెలవు పెట్టుకుని వచ్చేవాడు. రంగనాయకులు వెనకే కూర్చున్నాడు. ఆ ఐదు ప్రయాణాల్లో భార్యాభర్తలు పాతికేళ్లలో మాట్లాడుకోని మాటలు కొన్ని మాట్లాడుకున్నారు. మాట్లాడకుండా ఉన్న దారే ఎక్కువ. బండి మెత్తగానే పోయింది. కానీ ఆమె ఎముకల నొప్పి రోజురోజుకీ బండి మెత్తదనాన్ని దాటిపోయింది. మూడోసారికి చిన్న గుంత కూడా తెలిసింది. నాలుగోసారికి గుంత లేకపోయినా నొప్పే.

ఐదోసారి తిరిగొస్తుంటే రోడ్డు పక్కన సీతాఫలాలు అమ్ముతున్నారు. ఆపమంది. రంగనాయకులు ఒకటి విప్పి, గింజలు తీసి, ఒక్కో తొన నోట్లో పెట్టాడు. నాలుగు తొనలు తిన్నది. మిగతాది మీరు తినండి అంది. ఆ తర్వాత డాక్టర్లు ఇక రానక్కర్లేదన్నారు. మార్గశిరంలో ఒక తెల్లవారుజామున, పాలవాడు వచ్చి వెళ్లాక, ఆమె పోయింది.

కర్మ అయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. బండి ముసుగు వేసి వరండా పక్కన ఉంది. రంగనాయకులు షెడ్డుకి నడిచి పోతున్నాడు, నడిచి వస్తున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం మస్తానయ్య దగ్గరికి కూడా నడిచే వెళ్లాడు.

చాప మీద కూర్చుని అన్నాడు.

"బండి అమ్మేద్దామనుకుంటున్నా సామీ."

"ఏం?"

"నిన్న తలుపు తీశా. వెనక కూర్చుందామని పోయా, చోటు ఎక్కువైపోయింది. ముందుకి పోయా. ముందు కూర్చోవడానికి సిగ్గేసింది. తలుపు వేసి వచ్చేశా."

మస్తానయ్య మంచం దిగి చెప్పులు వేసుకున్నాడు. ఇద్దరూ ఎండలో నడుచుకుంటూ రంగనాయకులు ఇంటికి వచ్చారు. దారిలో పలకల షెడ్ల నుంచి రాయి కోసే చప్పుడు వస్తోంది.

మస్తానయ్య ముసుగు లాగి, మడతలు పెట్టి అరుగు మీద ఉంచాడు. వెనక తలుపు తీశాడు. వయసు మీద పడ్డ మనిషి కదా, ఒక చేత్తో సీటు పట్టుకుని మెల్లగా ఎక్కి, హైమావతి కూర్చునే చోట కూర్చున్నాడు. తలుపు వేసుకున్నాడు.

రంగనాయకులు బయటే నిలబడ్డాడు. తాళం చేతిలో ఉంది.

"తోలు నాయనా," అన్నాడు మస్తానయ్య.

"ఎక్కడికి సామీ?"

"నేను వెనకున్నా. తోలు."

రంగనాయకులు ముందు తలుపు తీసుకుని కూర్చున్నాడు. సీటు తన ఒంటికి సరిపోయేలా లేదు, ఆ డ్రైవరు జరిపినట్టున్నాడు. దాన్ని సర్దుకున్నాడు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత తాళం తిప్పాడు.